కరెంటు పోతే?

పిల్లలూ, మీలో హైదరాబాదులో ఉండేవాళ్ళు అమీర్‌పేట చూసే ఉంటారు. బయటి ఊళ్ళలో ఉండేవాళ్ళు మీ అన్నయ్యో, బాబాయో "అమీర్‌పేటలో కోర్సులో చేరాను" అంటుండగా వినే ఉంటారు. మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తి చూస్తే ఆకాశంకన్నా బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. ఫలానా కంప్యూటరు భాష నేర్పుతాము, ఫలానా పరీక్షకు తర్ఫీదు ఇస్తాము అంటూ మేడమేడకూ బోర్డులే. ఏ జిల్లా నుంచి వచ్చిన కుర్రవాడికైనా అక్కడ ఒక హాస్టలు, ఒక టిఫిను బండి తెలిసే ఉంటాయి.

అయితే ఆ కూడలిలోనే బోర్డు లేని బడి ఒకటి ఉన్నది. అదేమిటో తెలుసా? మెట్రో రైలు స్టేషను! ఈ నెల మనం ఆ బడికి వెళదాం. మీతోపాటు మీ నాయనమ్మను కూడా తీసుకురండి. ఆవిడ అడగబోయే ప్రశ్న ఒకటి మనకు చాలా అవసరం.

స్టేషనులోకి వెళ్ళగానే కదిలే మెట్లు కనిపిస్తాయి. వాటిని ఎస్కలేటరు అంటారు. మీరు గబుక్కున ఎక్కేస్తారు. నాయనమ్మ మాత్రం కిందనే ఆగిపోతుంది.

"నేను రానురా. మామూలు మెట్లెక్కి మెల్లిగా వస్తాను," అంటుంది.

"భయమెందుకు నాయనమ్మా? నేను చెయ్యి పట్టుకుంటానుగా!" అంటారు మీరు.

"నీ చెయ్యి సరే. సగం దూరం ఎక్కాక కరెంటు పోతేనో? ఇంతమందిమీ ఒకరిమీద ఒకరం వెనక్కి జారిపోమూ?" అంటుంది నాయనమ్మ.

నవ్వకండి! నాయనమ్మ అడిగిన ప్రశ్న చాలా గొప్పది. కరెంటుతో నడిచే యంత్రాలను తయారుచేసేవాళ్ళూ, బాగుచేసేవాళ్ళూ కాలేజీలో ఎన్ని పుస్తకాలు చదివినా, యంత్రం ముందు నిలబడి మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న అదే. కరెంటు పోతే ఏమవుతుంది?

దీనికి జవాబు చెప్పేముందు అసలు కరెంటు యంత్రాన్ని ఎలా తిప్పుతుందో చూద్దాం.

1820 లో డెన్మార్కు దేశంలో ఎయిర్‌స్టెడ్ అనే పండితుడు ఒక వింత కనిపెట్టాడు. తీగలో కరెంటు ప్రవహిస్తుంటే, దగ్గరగా ఉన్న దిక్సూచి ముల్లు పక్కకు తిరిగింది. అంటే కరెంటు పారే తీగ అయస్కాంతంలాగా పనిచేస్తున్నదన్నమాట. మరుసటి ఏడు, 1821 లో, ఇంగ్లండులో మైకేల్ ఫారడే ఈ సంగతిని ఆధారం చేసుకుని, అయస్కాంతం చుట్టూ తీగ గిరగిరా తిరిగేటట్టు చేశాడు. ఈనాడు మన ఇళ్ళలో తిరిగే ఫ్యాను, మిక్సీ, నీళ్ళ మోటారు అన్నిటికీ ఆ తీగే ముత్తాత. ఈ ఫారడే ఎవరనుకున్నారు? ఒక కమ్మరి కొడుకు. చిన్నతనంలో పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనిచేస్తూ, బైండింగుకు వచ్చిన పుస్తకాలనే చదివి శాస్త్రం నేర్చుకున్నాడు.

మీరు కూడా ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చెయ్యవచ్చు. మూడంగుళాల ఇనుప మేకు ఒకటి, మోటార్లకు చుట్టే పూత ఉన్న రాగితీగ కొంచెం, టార్చిలైటు బ్యాటరీ ఒకటి, నాలుగు గుండుసూదులు తెచ్చుకోండి. తీగను మేకుకు దగ్గర దగ్గరగా ఎనభై చుట్లు చుట్టండి. తీగ రెండు కొసలనూ గీకి పూత తీసివేసి, బ్యాటరీ రెండువైపులా తాకించండి. మేకు గుండుసూదులను లాగుతుంది. తీగను వదిలేస్తే సూదులు రాలిపోతాయి. ఒకటి రెండు రాలకుండా అంటుకుని ఉంటే, మేకు కొద్దిగా అయస్కాంతమై మిగిలిందన్నమాట. తీగను అయిదారు సెకన్లకన్నా ఎక్కువసేపు తాకించి ఉంచకండి, వేడెక్కుతుంది. గోడలో ఉండే కరెంటు ప్లగ్గు జోలికి ఎంతమాత్రమూ పోకండి. అది ప్రాణాలు తీస్తుంది. టార్చి బ్యాటరీతోనే ఆడుకోవాలి.

కరెంటు ఉన్నంతసేపే పట్టుకుని, లేనప్పుడు వదిలేసే ఈ అయస్కాంతాన్ని విద్యుదయస్కాంతం అంటారు. ఇక దీన్ని గుర్తుపెట్టుకుని, మళ్ళీ ఎస్కలేటరు దగ్గరకు రండి.

ఎస్కలేటరు మెట్లన్నీ కింద సైకిలు గొలుసువంటి పెద్ద గొలుసులకు బిగించి ఉంటాయి. ఒక్కొక్క మెట్టుకూ రెండు జతల చిన్న చక్రాలు. ఆ రెండు జతలూ వేరువేరు పట్టాలమీద నడుస్తాయి. ఆ పట్టాల మధ్య ఎడాన్ని నేర్పుగా అమర్చటంవల్ల మెట్లు ఏటవాలు దగ్గర మెట్లుగానూ, పైకి చేరగానే చదునుగానూ మారి, నేలకిందికి దూరి, మళ్ళీ కిందికి తిరిగి వస్తాయి. గొలుసును తిప్పటానికి మోటారు ఉన్నది. మీరు చెయ్యి ఆనించే నల్లని రబ్బరు పట్టీని కూడా ఆ మోటారే తిప్పుతుంది.

ఆ మోటారుతోపాటు ఒక బ్రేకు కూడా ఉన్నది. సంగతంతా ఈ బ్రేకులోనే ఉన్నది. సైకిలు బ్రేకు సంగతి మీకు తెలుసు. మీరు నొక్కితే పట్టుకుంటుంది, వదిలేస్తే వదులుతుంది. ఎస్కలేటరు బ్రేకు దీనికి పూర్తిగా తలకిందులు! దాన్ని బలమైన స్ప్రింగులు ఎప్పుడూ బిగించి పట్టుకునే ఉంటాయి. కరెంటు వచ్చినప్పుడు విద్యుదయస్కాంతం ఆ స్ప్రింగులను వెనక్కు లాగి బ్రేకును విడిపిస్తుంది. అప్పుడే మెట్లు కదులుతాయి. కరెంటు పోయిందా, విద్యుదయస్కాంతం మీ మేకులాగే పట్టు వదిలేస్తుంది. స్ప్రింగులు తటాలున బ్రేకును బిగిస్తాయి. మెట్లు ఆగిపోతాయి.

ఇది ఇంకా బాగా తెలియాలంటే దండెం దగ్గరకు వెళ్ళి బట్టలకు పెట్టే క్లిప్పు ఒకటి తీసుకోండి. మీరు వేళ్ళతో నొక్కినంతసేపే అది తెరుచుకుని ఉంటుంది. వేళ్ళు తీసేస్తే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. మీ వేళ్ళే కరెంటు. క్లిప్పే బ్రేకు. మీరు నిద్రపోయినా, ఊరికి వెళ్ళినా, అది మాత్రం బట్టను పట్టుకునే ఉంటుంది.

కనుక నాయనమ్మకు మనం ధైర్యంగా ఇలా చెప్పవచ్చు: "నాయనమ్మా, ఈ మెట్లను కదిలించటానికి కరెంటు కావాలి. ఆపటానికి అక్కరలేదు."

ఆవిడను మెల్లిగా ఎక్కించండి. చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి పట్టుకోమనండి. మెట్లకు ఇరుపక్కలా బారుగా కుచ్చువంటి బ్రష్షులు ఉంటే, అవి బూట్లు తుడుచుకోవటానికి కాదు! పాదాలు పక్క సందులోకి పోకుండా హెచ్చరించటానికి. మెట్లు నేలలోకి దూరేచోట దువ్వెన పళ్ళవంటివి ఉంటాయి. వాటిలో ఏదైనా ఇరుక్కుంటే లోపల ఉన్న స్విచ్చి యంత్రాన్ని ఆపేస్తుంది. రెండు కొసలా ఎర్రని బొత్తాము కూడా ఉంటుంది. ఎవరైనా పడిపోతే దాన్ని నొక్కాలి. ఊరికే సరదాకు నొక్కితే ఎక్కినవాళ్ళు తూలి పడతారు.

ఎస్కలేటరు ఎక్కలేనివాళ్ళకు లిఫ్టు ఉన్నది. దాని రహస్యం చూద్దాం. పల్లెటూళ్ళలో గిలకమీద తాడు వేసి, రెండు కొసలా రెండు బొక్కెనలు కట్టి నీళ్ళు తోడటం చూశారా? ఒకటి పైకి వస్తుంటే రెండోది కిందికి పోతుంది. లిఫ్టు కూడా అంతే. మనం ఎక్కే గదికి ఒకవైపు, దానికి సాటివచ్చే ఇనుప దిమ్మల బరువు రెండోవైపు. గది బరువూ, అందులో పట్టే మనుషుల బరువులో సుమారు సగమూ కలిపినంత బరువు ఆ దిమ్మలకు ఉంటుంది. అందుచేత మోటారు మొత్తం బరువును ఎత్తనక్కరలేదు. రెండువైపుల తేడాను లాగితే చాలు.

పూర్వం లిఫ్టు అంటే జనానికి హడలు. తాడు తెగితే లోపలివాళ్ళ గతి ఏమిటి? ఈ భయాన్ని పోగొట్టినవాడు అమెరికావాడైన ఎలిషా ఓటిస్. 1854 లో న్యూయార్కులో జరిగిన ప్రదర్శనశాలలో ఆయన జనమందరూ చూస్తుండగా ఎత్తయిన వేదికమీద నిలబడి, దాన్ని మోస్తున్న తాడును నరికించాడు. జనం నిర్ఘాంతపోయారు. కాని వేదిక కొంచెం జారి టక్కున ఆగిపోయింది! తాడు బిగువుగా ఉన్నంతసేపు వంగి ఉండే స్ప్రింగు, తాడు తెగగానే విచ్చుకుని, పక్కనున్న పళ్ళపట్టీలలోకి కొక్కేలను దూర్చింది. ఇక్కడ కూడా అదే ఉపాయం. లిఫ్టును ఆపటానికి ఎవ్వరూ ఏమీ చెయ్యనక్కరలేదు. ఆపకుండా ఉంచటానికే తాడు కావాలి.

మరొక ఉదాహరణ చూడండి. రైళ్ళకు గాలి బ్రేకులు పెట్టిన జార్జి వెస్టింగ్‌హౌస్ మొదట చేసిన బ్రేకులో, గొట్టంలోకి గాలి పంపితే బ్రేకు పడేది. మరి గొట్టం పగిలితే? పెట్టెలు ఊడిపోతే? గాలి అందదు, బ్రేకు పడదు. అందుచేత 1872 లో ఆయన తన యంత్రాన్ని తానే తిరగవేశాడు. ప్రతి పెట్టెలోనూ గాలితొట్టి పెట్టి, గొట్టంలో గాలి నిండుగా ఉన్నంతసేపు బ్రేకు విడిచి ఉండేటట్టూ, గొట్టంలో గాలి పోతే తొట్టిలోని గాలి బ్రేకును బిగించేటట్టూ చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవటం కాదిది. కాలకముందే ఆకులు చేతికి అందేటట్టు పెట్టుకోవటం.

రండి, ఇక రైలెక్కుదాం. హైదరాబాదు మెట్రో 2017 నవంబరు 28 న ప్రారంభమైంది. అమీర్‌పేటలో రెండు దారులు ఒకదానిమీద ఒకటి దాటుకుంటాయి. ఒకటి మియాపూరు నుంచి ఎల్.బి. నగరు పోయేది. రెండోది నాగోలు నుంచి రాయదుర్గం పోయేది. మనం ఎల్.బి. నగరు బండి ఎక్కి ఒక్క స్టేషను దూరంలో, పంజగుట్టలో దిగుదాం. ఈ ముక్క 2018 సెప్టెంబరు 24 న తెరిచారు.

మన ఇళ్ళలోకి వచ్చే కరెంటు 230 వోల్టులు. ఈ బండి నెత్తిన ఉన్న తీగలో పారేది 25,000 వోల్టులు! తలుపులు మూసుకున్నాయి. ఒక్క తలుపు సరిగా మూసుకోకపోయినా బండి కదలదు. తలుపులన్నీ "నేను మూసుకున్నాను" అని ఒకదాని తరవాత ఒకటి సాక్ష్యం చెబితేనే మోటార్లకు అనుమతి దొరుకుతుంది. సాక్ష్యం అందకపోతే, తలుపు తెరిచి ఉన్నట్టే లెక్క. తెగిన తీగ అబద్ధం చెప్పకుండా చూడటం కూడా ఒక విద్య.

బండి పంజగుట్ట చేరుతున్నది. వేగం తగ్గుతున్నది. ఇప్పుడొక తమాషా జరుగుతున్నది. ఇంతసేపూ కరెంటు తిని చక్రాలను తిప్పిన మోటార్లే, ఇప్పుడు చక్రాలు తమను తిప్పుతుంటే కరెంటు పుట్టించి పైతీగలోకి తిరిగి పంపుతున్నాయి! 1831 లో ఫారడే కనిపెట్టిన రెండో వింత ఇదే. కరెంటు ఇస్తే తిరిగే యంత్రాన్ని, తిప్పితే కరెంటు ఇస్తుంది. మీ తాతగారి సైకిలుకు డైనమో ఉండేదేమో అడగండి. డైనమోను చక్రానికి ఆనించగానే దీపం వెలిగేది. తొక్కటం మాత్రం బరువయ్యేది. ఆ బరువే ఇక్కడ బ్రేకుగా పనిచేస్తున్నది. పంజగుట్టలో ఆగే బండి ఇచ్చిన కరెంటు, అదే సమయాన మరొక స్టేషనులో బయలుదేరే బండికి అందవచ్చు.

మరి ఆ సమయంలో పైతీగలో కరెంటు పోతేనో? చూశారా, నాయనమ్మ ప్రశ్న మనను వదలలేదు! ఆ ప్రశ్న వేసుకున్నారు గనకనే, రైళ్ళు ఈ కరెంటు బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకోవు. చక్రాలను నొక్కిపట్టే మామూలు బ్రేకులు కూడా ఉంటాయి. మొదటిది చేతకాకపోతే రెండోది అందుకుంటుంది.

పంజగుట్టలో దిగాము. ఇక్కడ నిమ్స్ ఆసుపత్రి ఉన్నది. ఎక్కడెక్కడి నుంచో రోగులు వస్తారు. దాని ముందు నిలబడి అదే ప్రశ్న మళ్ళీ వేసుకోండి. పెద్ద ఆసుపత్రుల్లో ఊపిరి ఆడనివారికి ఊపిరి అందించే యంత్రాలు ఉంటాయి. కరెంటు పోతే అవి కూడా ఎస్కలేటరులాగా టక్కున ఆగవచ్చునా?

కూడదు! ఇక్కడ ఆగటమే ప్రమాదం. అందుచేత ఆ యంత్రం లోపలనే బ్యాటరీ ఉంటుంది. ఆసుపత్రికి పెద్ద డీజెలు జనరేటరు ఉంటుంది. జనరేటరు అందుకునేసరికి కొన్ని సెకన్లు పడుతుంది. రోగి ఊపిరి అన్ని సెకన్లు ఆగకుండా బ్యాటరీ కాపాడుతుంది.

ఇంకొక యంత్రం సంగతి చెబుతాను. పెద్ద భవనాల్లో కొన్ని తలుపులను విద్యుదయస్కాంతమే మూసి పట్టుకుంటుంది. మంటలు లేచి కరెంటు పోతే? ఆ తలుపు బిగుసుకుపోతే లోపలివాళ్ళు చిక్కుకుంటారు. కనుక జనం బయటపడవలసిన దారిలో కరెంటు పోగానే తలుపు వదులు కావాలి.

చూశారా పిల్లలూ? ప్రశ్న ఒక్కటే. జవాబులు మూడు. లిఫ్టు అయితే ఆగాలి. మంటల్లో తలుపు అయితే తెరుచుకోవాలి. ఊపిరి యంత్రం అయితే ఆగనే కూడదు. ఏ యంత్రానికి ఏ జవాబో యంత్రానికి తెలియదు. దాన్ని చేసేవాడికీ, చూసుకునేవాడికీ తెలియాలి. అది తెలియాలంటే యంత్రాన్ని మాత్రమే కాదు, దాన్ని నమ్మి ఎక్కే మనిషిని కూడా తలుచుకోవాలి.

ఈ విద్యకు ఎలక్ట్రోమెకానికల్ ఇంజనీరింగు అని పేరు. విద్యుత్తూ యంత్రమూ కలిసి చేసే పనిని చదవటమన్నమాట. అమెరికాలో కొన్ని కాలేజీలలో ఈ పేరుతోనే పట్టా ఇస్తారు. దీనికి దగ్గర బంధువు మెకట్రానిక్సు. ఆ మాటను 1969 లో జపానులో ఒక మోటార్ల కంపెనీ ఇంజనీరు పుట్టించాడు. మన దగ్గర ఈ చదువు ఎలక్ట్రికల్, మెకానికల్ శాఖల్లో కొంత కొంతగా పంచుకుని ఉంటుంది. ఎందులో చేరినా, రెండోదాన్ని కూడా చేతులతో నేర్చుకున్నవాడికే పని బాగా వస్తుంది.

దీనికి ఎక్కడ చేరాలి? పదో తరగతి కాగానే పాలిసెట్ పరీక్ష రాసి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదవవచ్చు. సాధారణంగా మూడేళ్ళు. మాసాబ్‌ట్యాంకులోనూ, రామంతాపూరులోనూ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. ఐ.టి.ఐ. లో ఎలక్ట్రీషియన్, ఫిట్టరు పనులను రెండేళ్ళలో నేర్పుతారు. అమీర్‌పేట నుంచి మియాపూరు వైపు ఆరో స్టేషను బాలానగరు. ఆ బాలానగరులో 1968 లో భారత ప్రభుత్వం స్థాపించిన కేంద్రీయ పనిముట్ల రూపకల్పన సంస్థ ఉన్నది. అందరూ సి.ఐ.టి.డి. అంటారు. అక్కడ పదో తరగతి చదివినవాళ్ళకు పనిముట్లు, అచ్చులు తయారుచేసే నాలుగేళ్ళ డిప్లొమా ఉన్నది. డిప్లొమా అయినవాళ్ళు ఈసెట్ రాసి ఇంజనీరింగు కాలేజీలో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఇంటరు చదివి ఇంజనీరింగులో చేరే దారి ఉండనే ఉన్నది.

అక్కడ ఏం నేర్పుతారు? లెక్కలు, భౌతికశాస్త్రం, బొమ్మలు గీయటం నేర్పుతారు. వర్క్‌షాపులో ఇనపముక్కను బిగించి, చేతికి ఆకురాయి ఇచ్చి, నాలుగువైపులా చదునుగా వచ్చేదాకా రాయమంటారు. అరచేతులు బొబ్బలెక్కుతాయి. "ఈ కాలంలో యంత్రాలుండగా ఇదెందుకు?" అనిపిస్తుంది. కాని వెంట్రుక మందం తేడా అంటే ఏమిటో వేళ్ళకు తెలిసేది అక్కడే. తరవాత మోటారు విప్పటం, బేరింగు మార్చటం, తీగలు కలపటం, మీటరుతో కొలవటం. ఆ తరవాత కంప్యూటరుతో యంత్రానికి ఆజ్ఞలివ్వటం. తలుపులు సాక్ష్యం చెబితేనే మోటారుకు అనుమతి అన్నామే, అలాంటి నియమాలను కర్మాగారాల్లో ఇప్పుడు చిన్న కంప్యూటరు పెట్టెలే అమలు జరుపుతాయి. కనుక అమీర్‌పేట బోర్డులకూ ఈ చదువుకూ పోట్లాట ఏమీ లేదు. ఆజ్ఞ రాయటం ఒక సగం. ఆ ఆజ్ఞ ఇనుములో ఎలా నడుస్తున్నదో చూడటం రెండో సగం.

వర్క్‌షాపులో నేర్పే నియమం ఒకటి మాత్రం మీరిప్పుడే తెలుసుకోవాలి. యంత్రంలో చెయ్యి పెట్టేముందు స్విచ్చి ఆపితే చాలదు. ఆ స్విచ్చికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. "ఎవరో పనిచేస్తున్నారు, వెయ్యవద్దు" అన్న చీటీ తగిలించాలి. ఎందుకంటే, లోపల మనిషి ఉన్న సంగతి తెలియని మరొకరు వచ్చి స్విచ్చి వేస్తే, వేళ్ళో, చెయ్యో, ప్రాణమో పోతుంది. నలుగురు పనిచేస్తుంటే నాలుగు తాళాలు. నలుగురూ వచ్చి ఎవరి తాళం వారు తీస్తేనే కరెంటు. "తాళం వెయ్యటానికి అయిదు నిమిషాలు దండగ" అనుకునేవాడు ఎంత చదివినా ఈ విద్యకు పనికిరాడు.

ఇక పెద్దలకు ఒక మాట. పదో తరగతి ఫలితాలు రాగానే చాలా ఇళ్ళలో ఒక మాట వినిపిస్తుంది. "మార్కులు తక్కువ వచ్చాయి, ఇక పాలిటెక్నిక్కే గతి," అని. ఆ మాట పిల్లవాడి చెవిన పడుతుంది. తరవాత వాడు ఎంత మంచి పనివాడైనా, మనసులో ఆ ముల్లు ఉండిపోతుంది. ఒక్కసారి ఆలోచించండి. మీ తల్లిగారు ఆసుపత్రి లిఫ్టు ఎక్కినప్పుడు, దాని బ్రేకు అరిగిందా లేదా అని చూసిన మనిషి ఎవరు? ఆ పనికి మార్కులు రానివాళ్ళు చాలునని మీరు అనుకుంటున్నారా? మీ పిల్లవాడు పాడైన బొమ్మను విప్పి లోపల చూస్తుంటే కోప్పడకండి. మళ్ళీ బిగించమని మాత్రం అడగండి. విప్పినదాన్ని బిగించాలనే పట్టుదల కనిపిస్తే, ఆ బిడ్డను ఏ కాలేజీలో చేర్చాలా అని అప్పుడు ఆలోచించవచ్చు. ఇది ఆడపిల్లలకు కూడా వర్తిస్తుంది. స్క్రూడ్రైవరుకు తనను పట్టుకున్నది ఎవరో తెలియదు.

పిల్లలూ, ఒకవేళ మీరెప్పుడైనా లిఫ్టులో ఉండగా కరెంటు పోయి మధ్యలో ఆగిపోతే ఏం చెయ్యాలో తెలుసుకదా? హడలిపోకండి. ఆగటమంటే బ్రేకు తన పని తాను చేసిందన్నమాట. గంట బొత్తాము నొక్కండి. పిలవండి. తలుపులను బలవంతంగా తెరిచి దూకటానికి మాత్రం ప్రయత్నించకండి. చాలా లిఫ్టులలో ఇప్పుడు బ్యాటరీ ఉండి, గదిని దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరుస్తుంది. లేకపోతే మనుషులు వచ్చి దించుతారు. అందాకా గోడకు ఆనుకుని నిలబడి, ఆ స్ప్రింగులకు మనసులో ఒక నమస్కారం పెట్టండి.

ఈ నెల మీకు ఒక పని. మీ ఇంట్లో, వీధిలో, బడిలో కరెంటుతో నడిచేవాటి జాబితా రాయండి. ఒక్కొక్కదాని ఎదురుగా, కరెంటు పోతే అది ఆగాలా, తెరుచుకోవాలా, ఆగకుండా నడవాలా రాయండి. నీళ్ళ మోటారు, ఫ్రిజ్జు, ఇంటి పెద్ద గేటు సులభమే. బ్యాంకు ఖజానా గది తలుపు దగ్గర మాత్రం కొంచెం ఆలోచించండి. అది మూసుకునే ఉండాలి అంటారా? సరే, కరెంటు పోయిన సమయానికి లోపల ఒక గుమాస్తా ఉంటే? అమ్మానాన్నలతో కూర్చుని వాదించుకోండి. ఇంజనీర్లు కూడా ఇలాగే కూర్చుని వాదించుకుంటారు.

సాయంత్రమైంది. పంజగుట్ట నుంచి అమీర్‌పేటకు తిరిగి వచ్చాము. ఇక్కడ కిందికి దిగే ఎస్కలేటరు ఉన్నది. ఈసారి నాయనమ్మే ముందు కాలు పెట్టింది. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో, రబ్బరు పట్టీ ఒక చేత్తో పట్టుకుని, వెనక్కి తిరిగి ఒక ప్రశ్న వేసింది.

"ఒరే, కరెంటు పోతే ఆ స్ప్రింగు పట్టుకుంటుందన్నావు. బాగానే ఉన్నది. మరి ఆ స్ప్రింగే విరిగితేనో?"

ఆ సంగతి ఆలోచించినవాళ్ళు కూడా ఉన్నారు. అందుకే లిఫ్టు బ్రేకులో స్ప్రింగు ఒక్కటే ఉండదు. గది హద్దు మీరిన వేగంతో కిందికి జారితే పక్కపట్టాలను కరిచి పట్టుకునే ఏర్పాటు మరొకటి కూడా ఉంటుంది. అయినా వాటన్నిటినీ ఎప్పటికప్పుడు విప్పి చూసే మనిషి ఒకడు ఉండి తీరాలి. పదేళ్ళ తరవాత ఆ మనిషి మీలోనే ఒకరు కావచ్చు. నాయనమ్మ ప్రశ్నను మరిచిపోకండి.